ముంబై నుంచి గోవాకి ఇద్దరే సెయిల్‌బోటులో ఎలా వెళ్లాలి?

దూరం సుమారు 220 నాటికల్ మైళ్లు. గంటకి 5 మైళ్లు లెక్కేసుకుంటే 44 గంటలు, అంటే రెండు రాత్రులు నీళ్ల మీదే. వెళ్తే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపే, వానాకాలంలో ఆ మాటే ఎత్తొద్దు. లైఫ్‌జాకెట్లు, బోటుకి తగిలించుకునే హార్నెస్‌లు, ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానల్ మీద పెట్టిన వీహెచ్ఎఫ్ రేడియో (బోట్ల మధ్య మాట్లాడుకునేది), మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు, పులిహోర. పులిహోరే, ఎందుకంటే రెండో రోజుకీ పాడవదు, ఊగే బోటులో స్టవ్ వెలిగించే పని ఉండదు. నూడిల్స్ ప్యాకెట్లు తెచ్చేవాళ్లని నేను ఎక్కించుకోను.

పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నం దాటాక వాయవ్యం గాలి వెనక నుంచి తోస్తుంది, బూమ్ (సెయిల్ అడుగున ఉండే అడ్డకర్ర) ఒక్కసారిగా ఇటు తిరిగి తల పగలగొట్టకుండా తాడేసి ముందుకి బిగించండి. రాత్రయ్యాక నేల వైపు నుంచి గాలి వస్తుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

అందరూ చెడగొట్టేది రాత్రి వాచ్, అంటే ఒకరు పడుకుంటే ఇంకొకరు బోటు నడిపే వంతు, మారేటప్పుడు. నాలుగేసి గంటలు పెట్టుకోవద్దు, మూడే. నాలుగైతే మొత్తం మీద నిద్ర ఎక్కువ దొరుకుతుందని వాదించేవాళ్లుంటారు, వాళ్లే ఆ చివరి గంటలో కళ్లు తెరిచే నిద్రపోతుంటారు, మంచుకి తడిసి వణుకుతూ.

వాచ్ దిగేవాళ్లు తర్వాతి వంతువాళ్లని పావుగంట ముందే లేపాలి. లేచినవాళ్లు మెట్ల మీద ఉండగానే హార్నెస్ తగిలించుకోవాలి, పైకొచ్చాక కాదు. తెల్ల లైటు వెయ్యొద్దు, ఫోన్ కూడా చూడొద్దు, ఎర్ర లైటు చాలు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా స్టీరింగ్ ఇవ్వకండి. ఇచ్చేముందు కనిపిస్తున్న ప్రతి లైటునీ వేలితో చూపించండి: అది ఓడ, ఇది ట్రాలర్ (వల లాగే చేపల బోటు), అదేంటో తెలీదు. "అంతా బానే ఉంది, నువ్వు చూస్కో" అని దిగిపోవడం వాచ్ ఇవ్వడం కాదు.

ఈ తీరంలో అసలు భయం పెద్ద ఓడలు కాదు, చేపల బోట్లు, వాటి వలలు. చిన్న బోట్లు చాలావరకు ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడల్ని వాటి సిగ్నల్‌తో చూపించే పరికరం) స్క్రీన్ మీద కనిపించవు, ఒక్కోసారి లైటే ఉండదు. వల చివర మినుకుమినుకుమనే చిన్న లైట్లుంటే వాటి మధ్యలోంచి దూరకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. వేట చేస్తున్న బోటుకి దారివ్వాల్సింది సెయిల్‌బోటే, రూల్ అదే. ఎదురుగా ఎరుపు, ఆకుపచ్చ రెండూ కలిపి కనిపిస్తే అది నేరుగా మీ మీదకే వస్తోంది. ఒక్క లైటే అయితే చేతి కంపాస్‌తో దిశ చూడండి, దగ్గరవుతూ ఉన్నా దిశ మారకపోతే గుద్దుకునే దారిలో ఉన్నట్టే. అప్పుడు రెండోవాళ్లని లేపండి, పాపం పడుకున్నారని జాలి పడకండి. సెయిల్ చిన్నది చెయ్యడానికి ముందుకి వెళ్లాలన్నా సరే, లేపే వెళ్లండి.

గోవాకి చీకట్లో చేరితే మాండవిలోకి దూరొద్దు, నది మూతి దగ్గర ఇసుక మేటలుంటాయి. బయటే స్పీడ్ తగ్గించి తిరుగుతూ తెల్లారాక లోపలికెళ్లండి.