కారు మీద ఒకటీ రెండు మరకలుంటే పెయింట్ పాడవకుండా తీసేయడం ఎలా

కారంతా కడిగే టైం ఉండదు, బోనెట్ మీద మాత్రం పిట్టరెట్ట ఎండిపోయి ఉంటుంది, డిక్కీలో దొరికిన పాత గుడ్డ తీసుకుని నాలుగు సార్లు గట్టిగా రుద్దేస్తాం, మరక పోతుంది, హమ్మయ్య అనుకుంటాం. తర్వాత ఎప్పుడో ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే అక్కడ సన్నటి గీతలు గుండ్రంగా మెరుస్తుంటాయి. అవి రెట్ట వల్ల వచ్చినవి కావు, మన రుద్దుడు వల్ల వచ్చినవి.

రంగు పైన క్లియర్ కోట్ అని ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, మామూలుగా అది 40–50 మైక్రాన్ల మందమే, అంటే తల వెంట్రుక కన్నా పల్చన. కారు మీద పడే దుమ్ములో ఉండే ఇసుక రేణువులు ఆ పొర కన్నా గట్టివి, పొడి గుడ్డతో తుడిచామంటే ఆ గుడ్డే ఇసుక కాగితం అయిపోతుంది. అందుకే మరక ఏదైనా సరే ముందు నానబెట్టాలి, తర్వాత ఎత్తి తీయాలి. బలం వాడాల్సి వస్తోందంటే ఇంకా నానలేదని అర్థం.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మూడు నాలుగు మెత్తటి మైక్రోఫైబర్ క్లాత్‌లు (300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు, పైన ఉంటే మంచిది, అంచున కుట్టిన లేబుల్ కత్తిరించి పారేయండి, అది కూడా గీస్తుంది), ఒక స్ప్రే బాటిల్‌లో క్విక్ డీటెయిలర్ (కొట్టి తుడిచేసే కారు క్లీనర్ స్ప్రే) గానీ, రిన్స్‌లెస్ వాష్ లిక్విడ్‌ని (తుడిచాక మళ్లీ నీళ్లు పోసి కడగక్కర్లేనిది) సీసా మీద రాసినంత నీళ్లలో కలిపింది గానీ, ఇంకో బాటిల్‌లో మామూలు నీళ్లు, కొన్ని టిష్యూలు. ఇవన్నీ ఒక కవర్లో పెట్టి డిక్కీలో పడేసుకుంటే చాలు. క్లాత్ కింద పడిందా, దాన్ని ఇక పెయింట్ మీద పెట్టొద్దు, ఎంత దులిపినా ఇసుక పోగుల్లోనే ఉండిపోతుంది, ఉతికేదాకా చక్రాలకి వాడుకోండి.

మొదలుపెట్టే ముందు చేతి వెనక వైపు పెట్టి బోనెట్ వేడిగా ఉందేమో చూడండి. వేడిగా ఉంటే నీడలోకి తీసుకెళ్లి చల్లారనివ్వండి, లేకపోతే స్ప్రే కొట్టింది కొట్టినట్టే ఆరిపోయి కొత్త మరక అవుతుంది.

పిట్టరెట్ట సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే అందరూ పాడుచేసేది ఇక్కడే. తెల్లగా కనిపించే భాగం యూరిక్ యాసిడ్, అది ఎండలో ఉన్నకొద్దీ క్లియర్ కోట్‌ని తినేస్తుంది, పైగా రెట్టలో గింజల ముక్కలు, ఇసుక కూడా ఉంటాయి కాబట్టి ఇటు వదిలేసినా నష్టమే అటు రుద్దినా నష్టమే. టిష్యూ ఒకటి రెండు మడతలు పెట్టి దాని మీద పరిచి, బాగా తడిసేలా స్ప్రే కొట్టి, ఐదు పది నిమిషాలు వదిలేయండి, మధ్యలో ఆరుతుంటే మళ్లీ కొట్టండి. అంచులు మెత్తబడి ఊడొచ్చేలా కనిపిస్తాయి, అప్పుడు టిష్యూతో పాటు వేళ్లతో పట్టి పైకి ఎత్తేయండి, పక్కకి లాగొద్దు. మిగిలిన దాని మీద ఇంకోసారి స్ప్రే కొట్టి, శుభ్రమైన క్లాత్‌ని పెట్టి ఒక్కసారి, ఒకే వైపుకి, నొక్కకుండా తుడవండి. ఆ వైపు మడతపెట్టేసి కొత్త వైపుతో ఇంకోసారి. క్లాత్‌ని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే మొత్తం ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి, మురికైన ముఖాన్ని మళ్లీ వాడకపోవడమే ఇందులో అసలు పని.

బంపర్ మీద అంటుకున్న పురుగులకీ ఇదే పద్ధతి, కాకపోతే ఇంకాస్త ఎక్కువసేపు నానాలి.

చెట్టు జిగురు, తారు మాత్రం నీళ్లకి లొంగవు. జిగురుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ క్లాత్ మీద కొంచెం వేసి, మరక మీద అర నిమిషం అలా ఆనించి ఉంచితే కరుగుతుంది, గోటితో గీకొద్దు. తారు చుక్కలకి తారు రిమూవర్ అని దొరికేది వాడండి. ఏది వాడినా ముందు బయటికి కనపడని మూల కొంచెం రాసి చూడండి, రీపెయింట్ చేసిన ప్యానెల్ అయితే మరీను. పని అయ్యాక ఆ చోటుని నీళ్లతో తుడిచేయండి, అక్కడున్న వ్యాక్స్ కూడా పోయి ఉంటుంది కాబట్టి కొంచెం వ్యాక్స్ పెట్టుకోండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, అందులో ఎసిటోన్ ఉంటే పెయింటే మెత్తబడిపోతుంది.

నీటి చుక్కలు ఆరి మిగిలిన తెల్ల గుండ్రాలు కఠిన జలంలోని (ఉప్పునీళ్లు అంటాం కదా, అవే) కాల్షియం, మెగ్నీషియం. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి క్లాత్‌తో ఒక నిమిషం ఆనించి, వెంటనే మంచినీళ్లతో తుడిచేస్తే కొత్తవైతే పోతాయి.

కారంతా దుమ్ముతో ఉండి టైర్ల పక్కన మట్టి గడ్డకట్టి ఉంటే ఇవేవీ పనికిరావు, అప్పుడు బోలెడు నీళ్లు పోసి కడగాల్సిందే. ఈ పద్ధతంతా అక్కడక్కడా మరకలున్న కారుకి. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింట్) కారైతే వ్యాక్స్, మెరుపునిచ్చే స్ప్రేలు వద్దు, మ్యాట్‌కని విడిగా అమ్మేవే వాడండి.

క్లాత్‌లు నూలు బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పోగులు మూసుకుపోయి మురికిని పట్టుకోవు.

అంతా తుడిచాక కూడా రెట్ట పడ్డ చోట మసక గుర్తు ఉంటే వేలితో మెల్లగా తాకి చూడండి. గరుకుగా తగిలితే ఇంకా మురికి ఉంది, మళ్లీ నానబెట్టండి. నున్నగానే ఉండి గుర్తు మాత్రం కనిపిస్తోందంటే క్లియర్ కోట్ అప్పటికే తినేయబడింది, తుడిస్తే పోదు, పాలిష్ చేసేవాళ్లకి చూపించాల్సిందే.