ఏడేళ్ళకే ఒకసారి పళ్ళు చూపించండి

ఇంట్లో ఏడేళ్ళ పిల్లలుంటే ఈ వేసవి సెలవుల్లోనే ఆర్థోడాంటిస్ట్‌కి, అంటే పళ్ళకి క్లిప్పులు వేసే డాక్టరుకి, ఒకసారి చూపించండి. "పాలపళ్ళన్నీ ఊడాక చూద్దాంలే" అంటారు పెద్దవాళ్ళు. అవన్నీ ఊడేసరికి పన్నెండేళ్ళు వస్తాయి. కొన్నిటికి అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఏడేళ్ళకల్లా ముందు పళ్ళు కొన్ని, వెనక మొదటి దవడపళ్ళు శాశ్వతమైనవి వచ్చేస్తాయి. పై వరసా కింది వరసా ఎలా కలుస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది. అమెరికా ఆర్థోడాంటిస్టుల సంఘం కూడా 7 ఏళ్ళలోపే మొదటిసారి చూపించమంటుంది. వెళ్ళగానే క్లిప్పులు వేసేస్తారేమోనని టెన్షన్ పడకండి. చాలామందిని ఏడాదికోసారి వచ్చి చూపించుకోమంటారు, అంతే. క్లిప్పులు ఎక్కువగా 11-13 ఏళ్ళప్పుడే.

కింది పళ్ళు పైవాటికన్నా ముందుకి వస్తున్నా, నోరు మూసేటప్పుడు దవడ ఓ పక్కకి జరుగుతున్నా మాత్రం ఆగకండి. అంగిలి మధ్యలో ఉండే ఎముక అతుకు చిన్నతనంలో ఇంకా గట్టిపడదు. ఇరుకుగా ఉన్న పై దవడని అప్పుడైతే తేలిగ్గా వెడల్పు చేయొచ్చు. పెద్దయ్యాక కొందరికి ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. ఎత్తుపళ్ళున్న పిల్లలు సైకిల్ మీంచి పడితే ముందు విరిగేవి ఆ పళ్ళే. నోరు తెరుచుకుని, గురకపెడుతూ నిద్రపోయే పిల్లల్ని చెవి-ముక్కు-గొంతు డాక్టరుకీ చూపించాలి.

నాలుగైదేళ్ళు దాటాక కూడా వేలు చీకుతుంటే కొట్టడం, వేపాకు రసం పూయడం వద్దు. పిల్లలు బెదిరిపోతారు. డాక్టరుతో మాట్లాడండి.

పుచ్చిన పాల దవడపన్ను పీకించారా? ఆ ఖాళీ గురించి అక్కడే అడగండి. పక్క పన్ను అందులోకి ఒరిగితే, కింద నుంచి రావలసిన పన్నుకి చోటుండదు. అందుకే అవసరమైన చోట స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న కమ్మీ పెడతారు. పాలపన్నే కదా అని మనం తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. పన్ను మీద పన్ను రావడానికి ఇదీ ఒక కారణం.

ఎనిమిది, తొమ్మిదేళ్ళప్పుడు పై ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తే కంగారుపడకండి. 11-12 ఏళ్ళకి కోరపళ్ళు దిగాక చాలామందికి అదే మూసుకుంటుంది. పదేళ్ళకి పై చిగురు మీద కోరపన్ను ఉబ్బు చేతికి తగలకపోతే మాత్రం ఎక్స్‌రే తీయాలేమో అడగండి. ఆ సందు మూయడానికి వీడియోలు చూసి రబ్బరు బ్యాండ్ చుట్టనివ్వకండి. అది చిగురు లోపలికి జారి ఎముకని తినేస్తుంది, మంచి పళ్ళే ఊడిపోతాయి.