మెటల్ గిటార్ పాఠాలు – 4: ఐదు తీగల స్వీప్

అమెరికన్ గిటారిస్ట్ జేసన్ బెకర్ సోలో ఆల్బమ్ ‘పర్పెచ్యువల్ బర్న్’ 1988లో ష్రాప్నెల్ రికార్డ్స్ నుంచి వచ్చింది. గాయకుడు లేడు, అంతా గిటారే. అప్పటికి బెకర్‌కి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. స్వీప్ అంటే పిక్‌ను ఒకే తోపులో తీగల మీదుగా లాగి ఒక్కో స్వరం వాయించడం. అదెలా ఉంటుందో తెలియడానికి అందులో ‘ఆల్టిట్యూడ్స్’ పెట్టుకుని వినండి. వేగాన్ని చూసి బెదరకండి. కొత్త స్వరం మోగేసరికి పాతది ఆగిపోతోందా లేదా, అదొక్కటే గమనించండి.

ఈసారి పట్టు ఏ మైనర్ (A minor). తీగల లెక్క సన్న తీగ నుంచి: అదే ఒకటోది. ఐదో తీగ 12వ ఫ్రెట్ మీద చూపుడు వేలు, 15కి చిటికెన వేలితో హ్యామర్ ఆన్ (పిక్‌తో కొట్టకుండా వేలిని తీగ మీద గట్టిగా దించి మోగించడం). నాలుగో తీగ 14, మూడో తీగ 14, రెండూ ఉంగరపు వేలితోనే. రెండో తీగ 13కి మధ్య వేలు. ఒకటో తీగ 12కి చూపుడు వేలు, 17కి హ్యామర్ ఆన్, తిరిగి 12కి పుల్ ఆఫ్ (పై వేలిని లాగి తీసి కింది స్వరం మోగించడం). అక్కణ్ణుంచి 13, 14, 14, 15 మీదుగా వెనక్కి. మొత్తం 12 స్వరాలకు ఒక చుట్టు.

వెళ్లేటప్పుడు పిక్ అంతా డౌన్, వచ్చేటప్పుడు అంతా అప్. తీగ తీగకీ విడిగా కొట్టకండి. ఒక తీగ దాటిన పిక్ పక్క తీగ మీద ఆని, అదే తోపులో దాన్నీ దాటాలి.

చెడేది దాదాపు ఎప్పుడూ ఆ రెండు 14ల దగ్గరే. ఉంగరపు వేలిని రెండు తీగల మీదా చదునుగా పరిచేస్తే రెండూ కలిసి కార్డ్‌లా (ఒకేసారి మోగే స్వరాల గుంపులా) మోగుతాయి. నాలుగో తీగను వేలి కొనతో నొక్కండి. మూడో తీగకు వెళ్లేటప్పుడు వేలిని దొర్లించి మెత్తటి భాగంతో నొక్కండి. కొన పైకి లేస్తుంది గానీ నాలుగో తీగను తాకుతూనే ఉండాలి, అప్పుడే దాని మోత ఆగుతుంది. వచ్చేటప్పుడు ఇదే తిరగేసి. దాటిన లావు తీగల మీద కుడి అరచేయి అంచు ఆనించి ఉంచండి.

మెట్రోనోమ్ (తాళం క్లిక్ వినిపించే పరికరం) 60కి పెట్టి, బీట్‌కి మూడు స్వరాలు వాయించండి. క్లిక్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సరిగ్గా మూడో తీగ 14 మీదే పడుతుంది, దొర్లింపు ఆలస్యమైతే వెంటనే దొరికిపోతారు. డిస్టార్షన్ (ధ్వనిని బరకగా మార్చే ఎఫెక్ట్) వద్దు. క్లీన్ టోన్‌లో హ్యామర్ ఆన్ నీరసంగా వినిపిస్తే అది చిటికెన వేలి బలహీనత. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెంచితే కప్పబడిపోతుందంతే. నాలుగు చుట్లు వరసగా శుభ్రంగా వస్తేనే 4 బీపీఎం (నిమిషానికి బీట్లు) పెంచండి. 100 దాటాక మళ్లీ 50కి దిగి బీట్‌కి ఆరు స్వరాలు: అప్పుడు క్లిక్ అట్టడుగు స్వరం మీదా, 17వ ఫ్రెట్ మీదా పడుతుంది.

ఇది కుదరకుండా ఐదో భాగానికి వెళ్లకండి. అక్కడి ఏ మేజర్ (A major) పట్టులో 14వ ఫ్రెట్ మీద ఇదే వేలు మూడు తీగలు దొర్లాలి.