మొదటి వారం మౌనం లొటెరియాతో వదిలింది

టెక్సాస్‌లో, ఇంట్లో స్పానిష్ వింటూ పెరిగిన పిల్లలకు ఆ భాషే చెబుతాను. మొదటి రోజు "లేచి పరిచయం చేసుకో" అంటే చాలు, తలలు దించేసుకునేవాళ్లు. భాష రాక కాదు, తడబడితే తోటివాళ్లు నవ్వుతారని.

అందుకే లొటెరియా పెట్టాను. మన తంబోలా లాంటి మెక్సికో ఆట: అంకెలకు బదులు 54 బొమ్మల కార్డులు, పట్టికకు 16 గళ్లు, గుర్తుకు చిక్కుడు గింజలు. కార్డు తీసినవాళ్లు పేరు చెప్పకుండా పొడుపుకథ వేయొచ్చు. మా కార్డులు పిల్లలే గీశారు, ఇంటి వస్తువులతో. ఎల్ సాల్వడార్ కుటుంబం అమ్మాయి పుపుసా (లోపల కూరిన మొక్కజొన్న రొట్టె) గీసి, "అమ్మమ్మ అరచేతుల్లో చప్పట్లు, పెనం మీద నిద్ర" అని స్పానిష్‌లో అంది. క్లాసంతా ఒక్కసారిగా అరిచింది!

ఆ వారం రాతలో తప్పులు అస్సలు దిద్దను. మీరూ స్థాయి పరీక్షను రెండో వారానికి వాయిదా వేయండి. మాట్లాడ్డం తక్కువున్న పిల్లల పక్కన ధారాళంగా మాట్లాడేవాళ్లను కూర్చోబెట్టండి.