పాత పటంలో ఉండి, నేల మీద లేని చోటు కథ ఎలా తవ్వాలి?

పాత ప్రపంచ పటాల్లో లేని దీవులు, లేని సరస్సులు, లేని కొండలు బోలెడు. కాలిఫోర్నియాను దీవిగా గీశారు. దక్షిణ అమెరికాలో బంగారు నగరం ఒడ్డున ఉందంటూ పరీమా అనే పెద్ద సరస్సును గీశారు. చూసి నవ్వుకుని వదిలేస్తే అక్కడితో సరి. మొదట ఎవరు గీశారు, ఎందుకు గీశారు, చివరికి ఎవరు చెరిపేశారు అని వెతికితేనే అసలు మజా. ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నాయంటూ గీసిన ‘కాంగ్ పర్వతాల’తో మొదలుపెడదాం.

1. ముందు మంచి స్కాన్ సంపాదించండి. డేవిడ్ రమ్సీ మ్యాప్ కలెక్షన్, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికా సైట్లలో పాత పటాలు ఉచితంగా చూడొచ్చు. ఓల్డ్ మ్యాప్స్ ఆన్‌లైన్‌లో అయితే చాలా గ్రంథాలయాల పటాలు ఒకేచోట దొరుకుతాయి. వాట్సాప్‌లో తిరిగే బొమ్మలతో పని జరగదు. జూమ్ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి.

2. పటం మూలన ఉండే పేరు, గీసినవాడు, సంవత్సరం రాసుకోండి. ఆ సంవత్సరాన్ని మరీ నమ్మకండి. ఒకే రాగి పలకతో ఏళ్ల తరబడి అచ్చేసి, తేదీ ఒక్కటే మార్చి అమ్మడం అప్పట్లో మామూలే. రంగులు చూసి వయసు అంచనా వేయడమూ దండగే, తర్వాతెప్పుడో అద్దిన రంగులు చాలా ఉంటాయి.

3. వెతికేటప్పుడు ఒకే స్పెల్లింగ్‌తో ఆగకండి. మన మచిలీపట్నమే యూరప్ పటాల్లో మసూలిపటం, మసులిపటన్ అని రకరకాలుగా కనిపిస్తుంది.

4. దొరికిన పటాలను తేదీల వారీగా పేర్చి, మొదటిది ఏదో చూడండి. కాంగ్ పర్వతాల వరుస 1798లో జేమ్స్ రెన్నెల్ గీసిన పటంతో మొదలవుతుంది. ఈయన మనకు కొత్తవాడేం కాదు, బెంగాల్‌లో సర్వేయర్ జనరల్‌గా పనిచేసి, 1780ల్లో హిందుస్థాన్ పటం అచ్చేసినవాడే. ఆఫ్రికా వెళ్లొచ్చిన మంగో పార్క్ యాత్రా గ్రంథం కోసం ఈ పటం గీశాడు.

5. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ కొండల అవసరం ఏమొచ్చింది? నైజర్ నది తూర్పుకు పారుతోందని పార్క్ కళ్లారా చూసొచ్చాడు. మరి ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఖండం లోపలే ఎక్కడో ఇంకి ఆవిరైపోతాయని రెన్నెల్ నమ్మకం. అలాగైతే నది దక్షిణానికి తిరిగి సముద్రంలో కలవకుండా ఏదో అడ్డుండాలి కదా! దూరాన కాంగ్ అనే ప్రాంతం వైపు కొండలు కనిపించాయని పార్క్ అన్న మాట పట్టుకుని, రెన్నెల్ తూర్పు పడమరలుగా కొండల గోడే కట్టేశాడు. 1805లో జాన్ కేరీ అనే ఇంగ్లిష్ పటకర్త ఆ వరుసను ఇంకా సాగదీసి, ప్రాచీన భూగోళవేత్త టాలమీ కాలం నుంచి నైలు నది పుట్టే చోటుగా చెప్పుకుంటూ వస్తున్న చంద్ర పర్వతాలతో కలిపేశాడు.

1830లో ఇంగ్లిష్ యాత్రికులు లాండర్ సోదరులు నైజర్ నది వెంట పడవలో వెళ్లి, అది గినీ సింధుశాఖలో కలుస్తుందని తేల్చారు. అడ్డుగోడ అవసరం తీరిపోయినా కొండలు మాత్రం పటాల మీద అలాగే ఉండిపోయాయి. నా ఉద్దేశంలో ఇది మోసం కాదు. పాతదాన్ని కాపీ కొట్టేవాడిని రుజువు అడిగేవాళ్లు లేరు, చెరిపేవాడైతే జవాబు చెప్పుకోవాలి.

6. చెరిపిందెవరో కనుక్కోండి. ఫ్రెంచి అధికారి బింజే 1887-89 మధ్య ఆ ప్రాంతమంతా తిరిగాడు. కాంగ్ అనే ఊరు నిజంగానే ఉంది, ఇప్పటి కోట్ డివార్ (ఐవరీ కోస్ట్) దేశంలో. పర్వతాల వరుసే లేదని ఆయన తేల్చాడు.

7. చివరగా పాత పటాన్ని నేటి పటం మీద పరిచి చూడండి. రమ్సీ సైట్‌లో జియోరెఫరెన్సర్ అనే సాధనం ఉంది. రెండు పటాల్లోనూ ఒకే చోటును గుర్తిస్తూ పోవాలి. తీరం వెంబడి నదీముఖాలు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొసలు ఎంచుకోండి, అనుమానం ఉన్న కొండల జోలికి పోకండి. తీరా పరిచాక, పడమటి కొసన గినీ ఎత్తు ప్రాంతంలో నిజమైన కొండలే కనిపిస్తాయి. అందుకే వరుస మొత్తాన్నీ అబద్ధమని రాసేయకుండా, ఎక్కడి నుంచి ఊహ మొదలైందో ఆ చోటు దగ్గర గుర్తు పెట్టండి.