లియో బ్రౌవర్ గిటార్ రచనలు: ఏ వరుసలో, ఎలా సాధన చేయాలి

క్యూబా స్వరకర్త లియో బ్రౌవర్ రచనల జోలికి వెళ్లేవాళ్లు చాలామంది ముందుగా ‘ఉన్ దియా దె నోవియెంబ్రె’ పట్టుకుంటారు. వినడానికి తేలిగ్గా ఉంటుంది మరి. అయితే పాటకు ఒక బలం, బేస్‌కు (కింది స్వరాలకు) ఇంకో బలం ఇవ్వడం చేతికి రాకపోతే అది చప్పగా తేలిపోతుంది. ఆ పని బ్రౌవర్ తన ‘ఎస్తూదియోస్ సెన్సియోస్’లో ఓపిగ్గా నేర్పారు. మొత్తం 20 ఎటూడ్‌లు (సాధన కోసం రాసిన చిన్న రచనలు), ఐదేసి చొప్పున నాలుగు పుస్తకాలు. మొదటి పది 1960 ప్రాంతంలో రాశారు, మిగతా పది దాదాపు రెండు దశాబ్దాల తర్వాత.

ఆయన 1939లో హవానాలో పుట్టారు. గిటార్ గురువు ఐజాక్ నికోలా. నికోలా ఎమీలియో పుహోల్ శిష్యుడు, పుహోల్ స్పెయిన్ గిటారిస్టు తారెగా శిష్యుడు. అలా స్పెయిన్ వేళ్ల పద్ధతి నేరుగా అందింది కానీ, లయ మాత్రం క్యూబాదే. ఎనిమిది మాత్రల్ని 3+3+2గా విడగొట్టే నడక ఆయన సంగీతంలో తరచూ వినిపిస్తుంది. గిటార్ పట్టకముందే తకిట తకిట తక అని నోటితో చెబుతూ ప్రతి మొదటి అక్షరానికీ చప్పట్లు వేయండి. ఇది కుదరనిదే మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) వేగం పెంచి లాభం లేదు.

1వ ఎటూడ్‌లో బొటనవేలు లావు తీగల మీద పాట వాయిస్తుంది, సన్న తీగల మీద రెండేసి స్వరాలు తోడుంటాయి. రెండు తీగలు కలిసి మోగుతాయి కాబట్టి తోడే పాటను మింగేస్తుంది. ముందు బేస్ ఒక్కటే వాయించి కంఠస్థం చేయండి. తర్వాత తోడును వీలైనంత తక్కువ శబ్దంతో చేర్చండి. బేస్‌కు బలం కావాలంటే బొటనవేలిని పక్క తీగ మీద వాలేలా మీటవచ్చు, 6, 5 తీగల మీద (అన్నిటికన్నా లావుది 6వది, సన్నది 1వది) ఇది బాగుంటుంది. 4వ తీగ మీద మాత్రం వద్దు: వేలు 3వ తీగ మీద వాలి, అక్కడ మోగుతున్న స్వరాన్ని ఆపేస్తుంది.

2వది నెమ్మదైన కోరల్, అంటే బృందగానంలా సాగే రచన. ఇక్కడ కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) చీలిపోవడమే అసలు జబ్బు. వేళ్లన్నీ తీగల మీద ముందే ఆనించి, ఒక్కసారిగా మీటండి. పై గొంతు (కార్డులో అన్నిటికన్నా పై స్వరం) వినిపించడానికి ఆ వేలికి కాస్త ఎక్కువ బరువివ్వండి. లావు తీగల మీద కీచుమనే శబ్దం వస్తుంటే, ఎడమచేతి వేలు జరిపేముందు పైకి లేపడం లేదన్నమాట.

6వది ఆర్పెజియో, అంటే కార్డు స్వరాల్ని ఒకదాని తర్వాత ఒకటి మీటడం. ప్రతి కొలతనూ (బార్‌నూ) ఒకే కార్డుగా కుదించి, ఎడమచేతి మార్పులు మాత్రమే వారం రోజులు చేయండి. ఖాళీ తీగ (ఎడమచేత్తో నొక్కనిది) మోగకుండా తుక్కుమంటే పక్క వేలు వంపు తగ్గి దాన్ని తాకుతోంది. కుడిచేతి క్రమం ఆ తర్వాతే.

ఇప్పుడు ‘నోవియెంబ్రె’. 1972లో ఉంబెర్తో సొలాస్ తీసిన సినిమా సంగీతం ఇది. ప్రధాన భాగం ఎ మైనర్ స్వరశ్రేణి, మధ్యలో ఎ మేజర్. ఖాళీ 5, 6 తీగలు ఒకదానిమీద ఒకటి మోగి బురదవుతాయి. 5 నుంచి 6కు వెళ్లేటప్పుడు బొటనవేలిని వాల్చి మీటితే 5వ తీగ దానంతటదే ఆగుతుంది. 6 నుంచి 5కు వెళ్లేటప్పుడు అది జరగదు, మీటిన వెంటనే బొటనవేలి వెనుక భాగంతో 6వ తీగను తాకాలి. వేగం సాగదీత పాటకే పరిమితం చేయండి, బేస్ నడక తప్పకూడదు.

తర్వాత 1964 నాటి ‘ఎలోహియో దె లా దాన్సా’, ఆపైన 1981లో వచ్చిన ‘ఎల్ దెకామెరోన్ నెగ్రో’. రెండోదాంట్లో ప్రేమికులు ప్రతిధ్వనుల లోయ గుండా పారిపోయే భాగం ఉంది. ప్రతిధ్వని శబ్దం తగ్గుతున్నప్పుడు వేగం కూడా జారిపోతుంది, దాదాపు అందరికీ ఇదే జరుగుతుంది. మెట్రోనోమ్‌తో ఒకే పదబంధాన్ని శబ్దం నాలుగు అంచెల్లో తగ్గిస్తూ వాయించండి. మొదటిది తగినంత గట్టిగా మొదలుపెడితేనే నాలుగోదానికి చోటు మిగులుతుంది.

1971 నాటి ‘లా ఎస్పిరాల్ ఎతెర్నా’ను చివరికి ఉంచండి. అందులో కొన్నిచోట్ల మామూలు స్వరలిపి బదులు గీతలు, గుర్తులు ఉంటాయి. ముందు గుర్తుల వివరణ చదివి, ఒక్కో గుర్తుకూ ఏ వేలు, ఎక్కడ, ఎంతసేపో పెన్సిల్‌తో రాసుకున్నాకే తీగ ముట్టండి.