ఓపెన్‌స్టాక్‌కు తొలి ప్యాచ్ – 3వ పాఠం: 500 ఎర్రర్ వెంట పడదాం

ఓపెన్‌స్టాక్ అంటే సొంత క్లౌడ్ నడపడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. గత పాఠంలో డెవ్‌స్టాక్‌ను, అంటే పరీక్షల కోసం పెట్టుకునే ఓపెన్‌స్టాక్‌ను, ఒక వర్చువల్ మిషన్‌లో నిలబెట్టాం. దాని వెబ్ డ్యాష్‌బోర్డ్ అయిన హొరైజన్ లాగిన్ పేజీ వస్తోందా? అయితే ముందుకు వెళ్దాం. రాకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోండి, ఇకపై పనంతా డెవ్‌స్టాక్ మీదే.

ఓపెన్‌స్టాక్‌లో వర్చువల్ మిషన్లను నడిపే భాగం నోవా. దాని బగ్‌ల జాబితా లాంచ్‌ప్యాడ్ అనే సైట్‌లో ఉంటుంది. 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' ట్యాగ్ ఉన్నవి కొత్తవాళ్లకు అనువైనవని పక్కన పెట్టినవి. 'ఇన్ ప్రోగ్రెస్' అని ఉండి, ఎవరి పేరైనా ఉంటే ఆ జోలికి పోకండి. చాలాకాలంగా కదలిక లేకపోతే 'నేను తీసుకోవచ్చా' అని కామెంట్‌లో అడగండి. అడగకుండా మీ పేరు పెట్టేసుకోవడం మర్యాద కాదు.

మొదటిసారికి 500 ఎర్రర్ (సర్వర్ లోపలే ఏదో తప్పు జరిగిందని చెప్పే కోడ్) బగ్ ఎంచుకోమని నా సలహా. యూజర్ తప్పుడు విలువ పంపితే ఏపీఐ (నోవా రిక్వెస్ట్‌లు అందుకునే ద్వారం) 400, అంటే 'రిక్వెస్ట్‌లోనే తప్పుంది' అన్న కోడ్ ఇచ్చి, తప్పెక్కడో చెప్పాలి. 500 ఇచ్చిందంటే ఆ విలువను తనిఖీ చేయకుండా లోపలికి వదిలేశారు, కోడ్ ఎక్కడో కూలింది. ఇది బగ్గేనా కాదా అన్న వాదనకు తావు తక్కువ. నోవాయే 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఏపీఐ ఎర్రర్' అంటూ, లాంచ్‌ప్యాడ్‌లో రిపోర్ట్ చేసి వీలైతే ఏపీఐ లాగ్ జత చేయమని అడుగుతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. నోవా ఏపీఐ ప్రవర్తన మార్చాలంటే మామూలుగా కొత్త మైక్రోవెర్షన్ (ఏపీఐకి ఇచ్చే చిన్న వెర్షన్ నంబర్) కావాలి, దానికి పెద్ద చర్చే జరుగుతుంది. 500ని 400గా సరిచేయడానికి ఆ అవసరం లేదు.

బగ్ దొరగ్గానే కోడ్ తెరవాలని చేతులు లాగుతాయి. ఆగండి. ముందు అదే ఎర్రర్ మీ మిషన్‌లో రావాలి. తాజా కోడ్ ఉండే మాస్టర్ బ్రాంచ్‌లోనే ప్రయత్నించండి, పాత రిపోర్ట్ అయితే ఈపాటికి సరిచేసి ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. కమాండ్ లైన్ క్లయింట్ కొన్ని తప్పుడు విలువలను తనే ఆపేస్తుంది. రిక్వెస్ట్ నోవా దాకా వెళ్లదు, మనమేమో బగ్ లేదనుకుంటాం. అందుకే 'ఓపెన్‌స్టాక్ టోకెన్ ఇష్యూ' కమాండ్‌తో టోకెన్ (లాగిన్ అయ్యామని చూపే గుర్తు) తీసుకుని, దాన్ని 'ఎక్స్-ఆథ్-టోకెన్' హెడర్‌లో పెట్టి, కర్ల్ అనే కమాండ్‌తో రిక్వెస్ట్‌ను నేరుగా పంపండి.

500 వచ్చిందా? లాగ్‌లు చూపే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో నోవా ఏపీఐ సర్వీస్ లాగ్ తెరవండి. అందులో ట్రేస్‌బ్యాక్‌ను, అంటే కోడ్ ఏ వరుసల మీదుగా వెళ్లి కూలిందో చూపే జాబితాను, కింది నుంచి పైకి చదవండి. చివరి వరుసలో ఏం జరిగిందో ఉంటుంది: 'టైప్‌ఎర్రర్' కావచ్చు, 'వాల్యూఎర్రర్' కావచ్చు. అక్కడి నుంచి పైకి వెళ్తూ లైబ్రరీల వరుసలు వదిలేసి, నోవా సొంత ఫైల్ కనిపించిన మొదటి వరుస దగ్గర ఆగండి. ఆ ఫంక్షన్‌కు ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోండి.

కూలిన చోటే ట్రై-ఎక్సెప్ట్ (ఎర్రర్‌ను పట్టుకునే పైథాన్ కోడ్) చుట్టేసి చేతులు దులుపుకోవద్దు. దాంతో ఎర్రర్ కనబడదు, తప్పుడు విలువ మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. చాలాసార్లు మార్పు జరగాల్సింది గుమ్మం దగ్గర, అంటే ఏపీఐ స్కీమాలో. ఆ ఫీల్డ్‌కు ఏ రకం, ఎంత పొడవు, ఏ హద్దులు అన్నది అక్కడ రాస్తే నోవా తనే 400 ఇస్తుంది.

మార్పుకు ముందే యూనిట్ టెస్ట్ రాయండి. ఆ తప్పుడు విలువ పంపి, 400 రావాలని అడిగే టెస్ట్. టెస్టులు నడిపే టాక్స్ అనే టూల్‌తో నడపండి, అది ఫెయిల్ అవ్వాలి. ఇప్పుడే పాస్ అయిందంటే మీ టెస్ట్ ఆ బగ్‌ను తాకడం లేదన్నమాట. తర్వాత స్కీమా సరిచేసి మళ్లీ నడపండి.

ఎంత ప్రయత్నించినా ఎర్రర్ రాకపోతే? అదీ పనికొచ్చే సమాచారమే. ఏ కమిట్ (నమోదైన కోడ్ మార్పు) మీద, ఏ రిక్వెస్ట్‌తో ప్రయత్నించారో, ఏం జవాబు వచ్చిందో బగ్ కింద రాయండి.

అభ్యాసం: ఒక 500 బగ్ ఎంచుకుని, మీ మిషన్‌లో రప్పించి, ట్రేస్‌బ్యాక్‌తో సహా కామెంట్ పెట్టండి. 4వ పాఠంలో కమిట్ మెసేజ్‌లోని 'క్లోజెస్-బగ్' వరుస, కోడ్ రివ్యూ జరిగే గెరిట్‌కు ప్యాచ్ పంపడం, టెస్టులను దానంతట అదే నడిపే జూల్ నుంచి మైనస్ 1 (టెస్ట్ ఫెయిల్ అయిందన్న ఓటు) వస్తే ఏం చేయాలో చూద్దాం.